లింగస్వామి దిద్దిన వెలుతురు

సూర్యాపేటలో పెళ్లిళ్ల వీడియోలు తీసే లింగస్వామికి లైటంటే ఎంత మోజో చెప్పాలంటే ఒక పూట చాలదు. హుజూర్‌నగర్‌లో ఒక పెళ్లికి ఆయన హాలోజన్ వెలిగిస్తే తెల్లారిందనుకుని ఊళ్లోని కోళ్లన్నీ కూశాయట. పాలాయన క్యాన్లతో బయల్దేరి, సగం దారిలో సంగతి తెలిసి సిగ్గుపడి వెనక్కి తిరిగాడట. చెప్పింది ఆయనే కాబట్టి నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. అప్పగింతలప్పుడు వైరు ఊడిందని ఒక పెళ్లికూతురి తల్లిని రెండోసారి ఏడిపించిన మాట మాత్రం నిజం. ముప్పై ఎనిమిదేళ్లలో "మా మేనత్త ముఖం పడలేదు" అని ఆయన్ను నిలదీసినవాళ్లు లేరన్నదీ నిజమే.

ఆ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఇంటి ముందుగదిలోని స్టూడియో షట్టర్ ఎత్తేసరికి కూతురు శైలజ ఆటో దిగింది. మిర్యాలగూడలో ఒక పాత రైస్ మిల్లులో పద్దెనిమిది రోజులుగా సినిమా షూటింగ్ జరుగుతోంది. అందులో కెమెరా పని మొత్తం ఆమెదే. సొంతంగా చేస్తున్న మొదటి సినిమా. జుట్టు నిండా తవుడు, కళ్ల కింద నలుపు.

"గింత అరిగిపోయినవేంది బిడ్డా?"

"ఏం గాలే నాన్నా. నిద్ర సాలుతలేదు." హార్డ్‌డిస్క్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇందుల ఒక సీనున్నది. పదకొండింటికి కోదాడల ప్రొడ్యూసర్ చూస్తడంట. నీ కాడ నెట్టు స్పీడుంటది గద, డైరెక్టర్ నగేష్‌కు పంపు. నేను జర ఒరుగుత."

తల్లి ఆండాలు ఉప్మా తెచ్చేలోపే ఆమె చెప్పులతోనే మంచం మీద వాలిపోయింది. ఆండాలు చెప్పులు విప్పి, ప్లేటు మీద మూత పెట్టింది.

లింగస్వామి సీను తెరిచి చూశాడు. చీకటి మిల్లు. పైరేకు చిల్లులోంచి దిగిన ఒక్క ఎండ గీత, అందులో తేలుతున్న తవుడు దుమ్ము. మూలన బస్తాల పక్కన ఒక ఆడమనిషి కూర్చుంది. ముఖం లేదు. చెవి కమ్మ ఒకటి అప్పుడప్పుడు మెరుస్తోంది. రెండు నిమిషాలూ ఇంతే.

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. పిల్ల అలసటలో లైటు మరిచింది. ఇది చూస్తే రేపటికల్లా పనిలోంచి తీసేస్తారు. కన్నతండ్రిని, చేతిలో కంప్యూటర్ ఉంది, ఈ మాత్రం చేయకపోతే ఎట్లా అనుకున్నాడు. రెండు గంటలు కూర్చుని, పెళ్లి వీడియోలకు చేసినట్టే వెలుతురు పెంచాడు. బుగ్గలకు కాస్త గులాబీ రంగు అద్దాడు. ముఖం బయటపడింది. పదిన్నరకు పంపి, మెడ పట్టేసినా తృప్తిగా లేచాడు.

పదకొండున్నరకు శైలజ ఫోను మోగింది. ఆమె నిలబడే విన్నది. "నేను పంపింది గాదన్నా అది" అని రెండుసార్లు అన్నది. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది.

"దీన్ని ముట్టుకున్నవా నాన్నా?"

"జర దిద్దిన. ముఖం కనపడతలేకుండె. నిద్రమత్తుల లైటు మర్సినవనుకున్న."

"పెండ్లి క్యాసెట్ లెక్కున్నదన్నడంట ప్రొడ్యూసర్. రేపు హైదరాబాద్ నుంచి ఇంకో కెమెరామెన్‌ను పిలిపిస్తడంట."

అరిచే ఓపిక కూడా ఆమెకు లేదు. ఆయనే గొంతు పెంచాడు. "మరి ముఖం కనపడకపోతే మనిషెవరో ఎట్ల తెలుస్తది? నీ మంచికే చేసిన."

"అడిగితే చెప్పేదాన్ని గద. ఆమె మొగడు పోయిండు నాన్నా. మొదటిరోజు కూలికొచ్చింది. ఎవ్వల కంట్ల పడొద్దని మూలకు కూసున్నది. కథ నగేష్ రాసిండు. ఆమె ముఖం ఎప్పుడు కనపడాలె, ఎంత కనపడాలె అన్నది నాది. ఆఖర్ల ఆమె తనంతట తనే లేసి వెలుగులకు వస్తది. అప్పటిదాక చూపియ్యొద్దని పట్టుబట్టింది నేనే. ఆ ఎండ గీత కోసం నాలుగు గంటలు కూసున్న. నువ్వేమో నాకు లైటేసుడే రాదనుకున్నవ్."

గడపలో నిలబడ్డ ఆండాలు అందుకుంది.

"మీ చెల్లె పెండ్లి యాదికున్నదా? మా అమ్మ పోయి నెల గాలే. వంటల కాడ, బియ్యం బస్తాల ఎనక కూసోని ఏడుస్తున్న. నువ్వు లైటు పట్టుకొచ్చి, వదినె లేకుంటే వీడియో ఏంది, జర నవ్వు అన్నవ్. నవ్విన. గా క్యాసెట్ల ఇప్పటికి నవ్వుతనే ఉన్న."

"నాకెందుకు చెప్పలే?"

"నీ లైటు ముందట ఏం జెప్పాలె."

లింగస్వామి కుర్చీ లాక్కుని శైలజ పక్కన కూర్చున్నాడు. అసలు సీను మళ్లీ పెట్టమన్నాడు. చీకటి, దుమ్ము, కమ్మ. ఈసారి కమ్మ ఎందుకు మెరుస్తోందో చూశాడు. భుజం కదిలినప్పుడల్లా అది మెరుస్తోంది.

"ఆమె ఏడుస్తున్నది గదనే?"

"ఊ."

"కనపడకున్న తెలుస్తున్నది." కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కాసేపు ఆండాలు వైపు చూడలేకపోయాడు. తర్వాత లేచి చొక్కా మార్చుకున్నాడు. "నడువు. కోదాడ పోదాం. నా తప్పు నేనే ఒప్పుకుంట."

కోదాడ లాడ్జి గదిలో ప్రొడ్యూసర్ మంచం మీద పడుకుని టీవీ చూస్తున్నాడు. నగేష్ కిటికీ దగ్గర గోళ్లు కొరుక్కుంటున్నాడు. లింగస్వామి హార్డ్‌డిస్క్ ముందుకు చాపి, కూర్చోకుండానే చెప్పాడు: "ఆ తెల్లదనం నాది సారూ. పిల్లది గాదు. పిల్ల తీసింది ఇది. లైట్లు ఆర్పేసి చూడుండ్రి."

చూశాక ప్రొడ్యూసర్ లేచి కూర్చున్నాడు. "హైదరాబాద్ వాడికి వద్దని చెప్పు నగేష్" అన్నాడు. తర్వాత లింగస్వామి వైపు తిరిగి, "పెద్దాయనా, మీరు మాత్రం ఇంకెప్పుడూ ఆ కంప్యూటర్ జోలికి పోమాకండి" అన్నాడు.

శైలజను షూటింగ్ దగ్గర దింపి రావడానికి లింగస్వామి కూడా మిర్యాలగూడ బస్సెక్కాడు. తండ్రీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. "ఇంకా కోపమున్నది నాకు" అన్నది శైలజ. "ఉండనీ" అన్నాడాయన. బస్సు ఊరు దాటకముందే ఆమె తల ఆయన భుజం మీదికి ఒరిగింది. పడమటి ఎండ కిటికీలోంచి సూటిగా ఆమె కళ్ల మీద పడుతోంది. లింగస్వామి అరచెయ్యి ఎత్తి అడ్డం పెట్టాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా చెయ్యి జరుపుతున్నాడు. మోచెయ్యి గుంజుతున్నా దించలేదు.

కండక్టర్ వచ్చాడు. "పెద్దాయనా, టికెట్."

"పైసలు పై జేబులున్నయి, నువ్వే తీస్కో" అన్నాడు గొంతు తగ్గించి. "చెయ్యి దించితే పిల్ల లేస్తది."