ఆరో పిడి

“మీవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళే దారి ఎన్నటికీ మూయం.”

1936లో మా టీగ్ కుటుంబాలను కొండ మీది నుంచి ఖాళీ చేయిస్తూ, చర్చి మెట్ల మీద నిలబడి సర్వే అధికారి ఇచ్చిన మాట ఇది. తర్వాత ఆ కొండ మధ్యనుంచే పార్క్‌వే అనే రోడ్డు వేశారు. ఎర్రబారిన ఆకులు చూసుకుంటూ షికారు చేసేవాళ్ళ కోసం. కింద ఊరి నుంచి వచ్చే రాష్ట్ర రహదారి దాని గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు దాటితే సొరంగం, సొరంగం దాటితే మా శ్మశానం. షికారు కార్లకు అడ్డు లేదు. శవపేటిక ఏ బండిలో వచ్చినా అనుమతి కావాలి.

మా అమ్మమ్మ ఓర్ఫా నవంబరులో పోయింది. తాతయ్య పక్కన మిగిలిన ఒక్క చోటులో తనను పెడతానని నా చేత ఒట్టు వేయించుకుని మరీ పోయింది. అనుమతి కోసం అర్జీ పెట్టాం. జవాబు లేదు. పూడ్చడానికి ముందురోజు మావయ్య డెవిట్ వంటింట్లో నేను ఊగిపోయాను. బండిని ఆపితే చేతుల మీద మోసుకుపోదామన్నాను. దున్నేవాడిదే భూమి అయినప్పుడు, అయినవాళ్ళను అందులో దాచుకున్నవాడిది కాదా అన్నాను.

“ఉపన్యాసం అయిందా నాయకుడా? మొక్కజొన్న రొట్టె చల్లారిపోతోంది, తిను,” అన్నాడు మావయ్య.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళి గొయ్యి తవ్వాం. తవ్విన గోతిని రాత్రికి ఖాళీగా వదలడం మా కొండవాళ్ళలో లేదు. నన్ను కాపలా ఉంచి, మావయ్య అమ్మమ్మను తీసుకురావడానికి దిగిపోయాడు.

మధ్యాహ్నానికి పొగమంచు పట్టింది. ముందు లోయ పోయింది, తర్వాత రోడ్డు, తర్వాత నా చుట్టూ ఉన్న రాళ్ళు. కూర్చోలేకపోయాను. గోతి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. తడి మట్టి వాసన, కుళ్ళిన ఆకుల వాసన. షికారు కార్ల చప్పుడు పలచబడి, ఎప్పుడో ఆగిపోయింది.

అప్పుడు సొరంగంలోంచి అడుగులు. చాలామందివి, ఒకే లయలో. ఎవరిదో ఒక కాలు ఈడ్చుకుంటూ...

పొగమంచులోంచి పెట్టె వచ్చింది. మోస్తున్నవాళ్ళు అయిదుగురు. టోపీల కింద మొహాలు కనబడలేదు. నా గుండె ఉప్పొంగింది. మావాళ్ళు గేటును లెక్క చెయ్యలేదు! పెట్టెకి ఆరు పిడులు. ఒకటి ఖాళీగా ఉంది.

“చెయ్యి వెయ్యి బాబూ,” అని గుసగుసగా అన్నాడు ముందున్నవాడు.

వేశాను. పిడి మంచుగడ్డలా ఉంది, నీళ్ళు కారుతోంది. పిట్టంత మా అమ్మమ్మ ఇంత బరువేమిటా అనుకున్నాను.

“గేటు దగ్గర ఆపలేదా?” అన్నాను.

“ఆపారు.” నాలుగడుగులు వేశాక మళ్ళీ అన్నాడు. “చాలా కాలం ఆపారు.”

హాస్యమనుకున్నాను. నవ్వాను కూడా.

తాళ్ళతో దింపాం. మట్టి పోశాం. ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. మావయ్య ఏడని అడుగుదామని పార నేలలో గుచ్చి తలెత్తాను.

ఎవరూ లేరు. వెళ్ళిన అడుగుల చప్పుడు లేదు... గడ్డి మీద నా బూట్ల గుర్తులు తప్ప మరే గుర్తూ లేదు.

కాసేపటికి మావయ్య సొరంగంలోంచి ఒక్కడే వచ్చాడు, తిట్టుకుంటూ. గేటు దగ్గర ఒప్పుకోలేదట. చేతుల మీద మోసుకెళ్తామన్నా వద్దన్నారట. అమ్మమ్మను తిరిగి ఊళ్ళో శవాలుంచే శీతల గదిలో పెట్టి వచ్చాడట. అంతలో మట్టిదిబ్బ చూశాడు.

“ఎవర్ని పూడ్చావురా?”

జరిగింది చెప్పాను. తవ్వి చూద్దామంటే దానికీ పార్క్‌వే కార్యాలయం అనుమతే కావాలట. వాళ్ళు ఉలకరు, పలకరు. ఇటు చూస్తే అమ్మమ్మకు చోటు లేదు.

మావయ్య రోజూ పొద్దున్నే ఆ గదికి వెళ్ళి వస్తాడు. నిన్న నా పక్కన కూర్చుని, నా చేతికేసి చూడకుండా, మెల్లగా చెప్పాడు.

“అమ్మమ్మ పెట్టె పిడులు తడిసి ఉంటున్నాయిరా. రోజూ అయిదు. ఆరోది మాత్రం పొడిగానే ఉంటోంది.”

అయ్యా, కార్యాలయంవారూ, ఆ గొయ్యి తవ్వించండి. అందులో ఎవరున్నారో చెప్పండి. మా అమ్మమ్మ చోటు మా అమ్మమ్మకు ఇవ్వండి. ఆమెను మేము మోసుకెళ్ళేలా చూడండి, ఆ అయిదుగురూ ఆరో చెయ్యి కోసం రాకముందే. పెద్ద మంచు పడితే మీ గేటు వసంతం దాకా తెరుచుకోదు. అందుకే నాకు జవాబు కావలసింది డిసెంబరు 21 లోగా.