కొండబాబు పేరు మీద

సుమో ఆగడం లేదు!

అల్లవరం రోడ్డులో కాలువ గట్టు మీద ఊగుతూ దూసుకుపోతోంది. ఎదురొచ్చిన సైకిలతను సైకిలు వదిలేసి కాలువలోకి దూకేశాడు.

"తొక్కవయ్యా!" వెనక జీపులో ఎస్సై యేసురత్నం అరుస్తున్నాడు.

ఆ బండి ఎవరిదో తెలుసు. రొయ్యల చెరువుల మురళీమోహన్‌ది. తాగి నడిపి ఇప్పటికి రెండుసార్లు దొరికాడు. రెండుసార్లూ కేసు ఇంకొకడి మీదే! మొదటిసారి కాపలావాడు ఏసుదాసు 'నేనే నడిపానండి' అన్నాడు. వాడు గల్ఫ్ వెళ్లిపోయాడు. పోయినేడు కొబ్బరి దింపు తీసే కొండబాబు అదే మాట అన్నాడు.

ఛీ! ఈసారి స్టీరింగ్ మీద చెయ్యి ఉండగానే పట్టుకోవాలి.

సుమో తోటల్లోకి తిరిగింది. లైట్లు ఆరిపోయాయి...

పావుగంట వెతికితే కొండబాబు పాక ముందు దొరికింది.

స్టీరింగ్ ముందు కొండబాబు! చొక్కా నిండా బ్రాందీ, వాంతి. వెనక సీట్లో మురళీమోహన్.

"మా డ్రైవరండి. ఎంత చెప్పినా తాగుడు మానడు."

"నేనేనండి..." కొండబాబు మళ్లీ కక్కుకున్నాడు.

యేసురత్నానికి అర్థమైంది. అలవాటు లేనివాడి నోట్లో బలవంతంగా పోశాడు, వెధవ!

"ఒరే కొండబాబూ, రెండోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు. తెలుసా?"

"జైలా?" కొండబాబు వెనక సీటు వైపు తిరిగాడు. "జరిమానాయే అన్నారు కదండీ, అయ్యగారూ!"

"నోర్ముయ్," మురళీమోహన్ గదిమాడు. "నీ పాక ఎవరి స్థలంలో ఉందిరా?"

యేసురత్నం టార్చి వేశాడు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. కొండబాబు కాళ్లు పెడల్స్‌కి అందడం లేదు.

"బండి తియ్యి."

కొండబాబు తాళం పట్టుకున్నాడు. ఎటు తిప్పాలో తెలియడం లేదు.

"చెట్టెక్కమంటే ఎక్కుతానండి... ఇది నాకు రాదండి!" భోరుమన్నాడు.

దొరికాడు!

"దిగు మురళీమోహన్! ఆస్పత్రికి పద. మూడోసారి ఇది. లోపల కుళ్లిపోతావ్!"

మురళీమోహన్ తాపీగా దిగాడు. త్రేన్చాడు. ఆ కంపుకి కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

"ఆయ్, పదండి. నా పేరే రాసుకోండి. కానీ మూడోసారి ఎవరికండీ?"

"నీకే!"

"రికార్డు చూసుకోండి, ఎస్సై గారూ. నాకిదే మొదటిసారి. మహా అయితే జరిమానాతో పోతుంది."

యేసురత్నం టార్చి ఆర్పేశాడు.

పోయినేడు అంతా తెలిసి కూడా కొండబాబు పేరు రాసింది తనే.