వియ్యంకుడు ఎక్కిన నిచ్చెన

"మీ నాన్ననే పిలువు, కాదనను. కానీ ధరణీ... పదిమంది ముందు ఆయన్ని నాన్న అని మాత్రం పిలవకు!"

అత్తగారు శేషారత్నం నోటి నుంచి ఆ మాట రాగానే ధరణి తండ్రికి చేయబోతున్న ఫోను పక్కన పెట్టేసింది. ఎంత మాట! కన్నతండ్రిని పరాయివాణ్ణి చేసి ఇంట్లోకి రమ్మనాలా? పెళ్ళయి ఏడాదైనా కూతురి గడప తొక్కని మనిషి... తొక్కే మొదటి రోజే పనివాడిలా తొక్కాలా?

అలాగని పిలవకుండా ఉండే దారీ లేదు. రెండు రోజుల క్రితం నాగారంలోని వాళ్ళ ఫ్లాటులో గోడల లోపలి తీగలు కాలిపోయి ఇల్లంతా కమురు వాసన కొట్టింది. వైరింగు మొత్తం మార్చాల్సిందే! వచ్చిన ఇద్దరు ఎలక్ట్రీషియన్లూ తలెత్తి చూసి పెదవి విరిచారు. ఫ్యాన్లకు వెళ్ళే పైపులన్నీ కాంక్రీటు స్లాబులో ఉన్నాయట, స్లాబు చెక్కక తప్పదట. ఆ స్లాబే పైఫ్లాటు సుచిత్రకు ఫ్లోరాయె! "నా ఇంటి కింద ఒక్క సుత్తిదెబ్బ పడినా ఊరుకోను" అని ఆవిడ మెట్లమీదే నిలబడి చెప్పేసింది.

ఇక మిగిలింది ధరణి తండ్రి మల్లేశం. సూరారంలో ముప్పయ్యేళ్ళుగా వైరింగు పనిలోనే ఉన్నవాడు. కానీ కాకినాడ నుంచి వచ్చిన శేషారత్నానికి పరువంటే ప్రాణం! కొడుకు విశ్వతేజ ఇష్టపడి చేసుకున్న పిల్ల తండ్రి కరెంటాఫీసులో ఇంజనీరని కాలనీ అంతా చెప్పుకుంది మరి!

ధరణి తండ్రికి ఫోను చేసి, అత్తగారి షరతు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏం గాదు బిడ్డా! నీ ఇల్లు సల్లగుంటే గదే సాలు. నువ్వు మేస్త్రీ అను, నేను మేడం అంట. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు మల్లేశం.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, ముందుగా దేవుడి మందిరం మీద దుమ్ము పడకుండా తన భుజం మీది కండువా తీసి కప్పాడు. శేషారత్నం అది చూసింది. గోడల పైఅంచున, సీలింగు మీద సన్నటి బోలు పట్టీలు కొట్టి, వాటి లోపలి నుంచి కొత్త తీగలు నడిపించాడు. పడకగది ఫ్యానుకు మాత్రం దూలం అడ్డొచ్చి స్లాబులోని పాత పైపే గతి. దాంట్లోని కాలిన తీగ కాస్త కదులుతోంది! దాని కొసకు కొత్త తీగ ముడివేశాడు. తను నిచ్చెనెక్కి ఫ్యాను దగ్గర లాగాలి, కింద స్విచ్ బోర్డు దగ్గర ఇంకొకరు కొత్త తీగను నెమ్మదిగా లోపలికి తోయాలి. చిన్నప్పుడు బడి సెలవుల్లో తండ్రి వెంట తిరిగి ఆ పని నేర్చిన ధరణి కొంగు దోపి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే సుచిత్ర దిగి వచ్చింది, ఎక్కడ స్లాబు పగలగొడుతున్నారో అని.

సగం దూరం హాయిగా వెళ్ళిన తీగ ఒక్కసారిగా బిగుసుకుంది. పైనుంచి గట్టిగా లాగితే పాతది లోపలే తెగుతుంది... తెగితే ఇక దారే లేదు!

"నాయినా, ఆగు! గుంజకు! ముడి ఇరికింది!"

అప్రయత్నంగా అరిచేసింది ధరణి. సుచిత్ర కళ్ళు పెద్దవి చేసింది. "నాయినా? ఈయన మీ నాన్నగారా?"

ధరణి అత్తగారి వైపు చూసింది. నిచ్చెన మీంచి మల్లేశం నవ్వుతూనే అన్నాడు, "కాదమ్మా, మా దిక్కు పెద్దోళ్ళను గట్లనే పిలుస్తం. మేడంకు అలవాటు."

అయ్యో... కూతురి కాపురం కోసం ఆ తండ్రి తనను తానే కాదనుకున్నాడు! శేషారత్నం గబగబా నిచ్చెన దగ్గరికి వచ్చింది. ఇంత మనసున్న మనిషిని దాచిపెట్టుకున్నానే, సిగ్గుపడాల్సింది ఎవరు?

"ఇంక చాలు అన్నయ్యగారూ!" ఆమె సుచిత్ర వైపు తిరిగింది. "సుచిత్రా, ఈయన మా వియ్యంకుడు. ఇంజనీరని నేనే అబద్ధం చెప్పాను. ఇద్దరు చేతులెత్తేసిన పని, నీ ఫ్లోరుకు గీత పడకుండా చేస్తున్నది ఈయనే. కింద కూర్చుని సాయం పడుతున్నది ఈయన పెంచిన బిడ్డ, నా కోడలు!"

ధరణి కళ్ళు తుడుచుకునే లోపే పైనుంచి కేక వినిపించింది. "బిడ్డా, జానెడు ఎన్కకు గుంజు! ఆఁ... ఇగ మెల్లగ నూకు!" ముడి సడలింది. కొత్త తీగ సరసరా పైకి వెళ్ళిపోయింది. ధరణి ఏడుస్తూనే పకపకా నవ్వింది.

పని ముగియగానే శేషారత్నం చెంబుతో కాళ్ళకు నీళ్ళు తెచ్చింది, కొత్త తువ్వాలు అందించింది. మల్లేశం సోఫా దగ్గర తటపటాయించాడు. "బట్టల నిండ దుమ్మున్నది చెల్లె..."

"దులుపుకోవచ్చు లెండి. ముందు మీరు కూర్చోండి!"

సుచిత్ర ఇంకా గుమ్మంలోనే ఉంది. "ఆంటీ, మా వైరింగూ పాతదే... ఈయన్ని ఒకసారి పైకి పంపుతారా?"

శేషారత్నం తల ఎగరేసింది. "రేపు వచ్చి ఆయన్నే అడుగు సుచిత్రా. ఇవాళ మా ఇంటికి చుట్టమై వచ్చారు, భోజనం చేయాలి."