ఓర్మోన్ పేరున వేగిన రొట్టె

గురువారం... అసురసంధ్య!

పడమటి మంచుకొండల వెనుక సూర్యబింబం రక్తవర్ణంలో కుంగిపోతోంది. కారాసాజ్ పచ్చికబయళ్ళను కారుమేఘాలు కమ్ముకున్నాయి. ఎక్కడో బండల సందున గుడ్లగూబ కూసింది... ఒకసారి... మళ్ళీ ఒకసారి...

మా కొండల్లో ఈ వేళ ఎవరూ కునుకు తీయరు, చీపురు పట్టరు. చనిపోయిన పెద్దలు గుడారాల గుమ్మాల దగ్గరకు వచ్చి నిలబడే ఘడియ ఇది. పాపం, వాళ్ళు ముద్ద మింగలేరు. కాగిన నూనెలో వేగే రొట్టె వాసనే వాళ్ళ భోజనం. అందుకే ప్రతి ఇల్లాలూ గురువారం ఏడు రొట్టెలు వేయించి, పోయినవాళ్ళ పేరు చెప్పి, చేతులెత్తి ప్రార్థించి దువా చేస్తుంది. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనీ. వాళ్ళ ముత్తాతలే పస్తులుంటారు.

ఆ సాయంత్రం పొయ్యి పని అత్తగారికి వదిలేసి, జూరా గొర్రెల దొడ్డి రాతిగోడ వెనుక నక్కి కూర్చుంది.

దొడ్డి లోపల ఆమె బావగారు, అంటే భర్త కెనేష్‌కు స్వయానా అన్న, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎదురుగా నల్ల గొర్రెతోలు... దాని మీద, క్షుద్రమంత్రాలు చెక్కిన నుదుటితో, వికృతంగా ఇకిలిస్తున్న ఒక కపాలం!

తొమ్మిదేళ్ళ కిందట మంచుచరియ కింద పడి పోయాడనుకున్న ఆ బావగారు ఓర్మోన్ ఈ వసంతంలో గుర్రమెక్కి తిరిగొచ్చాడు. ఊరి పెద్ద సాతార్ ఆచారం ప్రకారం ఏడు తరాల తండ్రుల పేర్లు అడిగాడు. అతను గుక్క తిప్పుకోకుండా ఏడూ ఒప్పజెప్పాడు. ఇక చూసుకోండి... గుర్రాన్ని కోశారు, విందు చేశారు, ముసలి తల్లి బాత్మా వాణ్ణి కావలించుకుని తెల్లవార్లూ ఏడ్చింది. మావాళ్ళ సంగతే అంత. ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పినవాడు సైతాను అయినా సరే, ఇంటికి పెద్దకొడుకే!

కానీ రొట్టెల నూనె పొయ్యి ఎక్కగానే బావగారు బయటికి వెళ్ళిపోయేవాడు. పొగ పడదట. పొయ్యి పొగలో పుట్టి పెరిగిన కొండమనిషికి పొగ పడకపోవడమేమిటి? జూరా అనుమానం అక్కడే మొదలైంది.

"చెప్పు," అన్నాడు వాడు కపాలంతో. "చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

ఎండిన దవడ కదిలింది. అతి నీరసంగా ఒక గొంతు...

"పిచ్చుకా... అని." ఆ వెంటనే, "ఆకలేస్తోంది. నువ్వొచ్చాక అమ్మ నా పేరున రొట్టె వేయించడం మానేసింది. బతికే ఉన్నాననుకుంటోంది."

వాడు వికటంగా నవ్వాడు. "మానేస్తేనే నాకు మంచిది. కడుపు నిండితే నువ్వు నా మాట వినవుగా. నీ నోరు ఎండిపోయేలోగా నీ రక్తమే ఉన్న ఇంకో తల కావాలి నాకు. చూసి పెట్టుకున్నాలే... ఆరేళ్ళది. నీ తమ్ముడి కూతురు."

బెగీమాయ్... జూరా ఒక్కగానొక్క కూతురు!

ఆమె పరుగున వెళ్ళి భర్తకు చెప్పింది. కెనేష్ విసుక్కుంటూనే వెళ్ళి అన్న జీనుసంచీ విప్పి చూశాడు. లోపల తెల్లటి ఎండుపెరుగు ఉండలు తప్ప ఏమీ లేవు. మాయ అంటే అదే మరి! బావగారు మాత్రం కోపగించుకోలేదు, ఒక ఉండ తీసి నవ్వుతూ మరదలికే ఇవ్వబోయాడు. గొర్రెలు పంచివ్వాల్సి వస్తుందని కోడలికి కడుపుమంట అని మర్నాటికల్లా బయలంతా చెప్పుకున్నారు. పెదనాన్న నోరు మూసుకున్నప్పుడు ఆయన సంచీ మాట్లాడుతుందని అంతకుముందే చెప్పిన బెగీమాయ్‌ని, తల్లి నేర్పిన మాటలని నాయనమ్మ చీవాట్లు పెట్టింది.

"నా కొడుకు చచ్చాడని తొమ్మిదేళ్ళు ఏడ్చాను," అంది బాత్మా కోడలితో. "మళ్ళీ ఆ మాట నీ నోట విన్నానంటే నీ మొహం చూడనే."

తర్వాతి గురువారం, మిట్టమధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. బెగీమాయ్‌ని పైబయలుకు తీసుకెళ్ళి గుర్రంపిల్లను బహుమానంగా ఇస్తానని బావగారు ప్రకటించాడు. నూనె కాగే వేళకు ముందే బయల్దేరాలట. పిల్లను సాగనంపడానికి సాతార్ వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు, పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు చేతులు మారుతున్నాయి. జూరా కాళ్ళావేళ్ళా పడినా కెనేష్ వినలేదు.

అప్పుడామె కళ్ళు తుడుచుకుని లేచింది. వాణ్ణి ఆపే బలం తనకు లేదు. ఆ కపాలంలో ఆకలితో ఉన్నవాడికి ఉంది. వాడికి అన్నం పెట్టేవాళ్ళే లేరు!

గుర్రం పోవలసిన దారికి అడ్డంగా పొయ్యి పెట్టింది. మూకుడెక్కించి కొవ్వు కరిగించింది, పిండి సాగదీసింది. వాడు జీనెక్కి పిల్ల కోసం చెయ్యి చాపేసరికి మొదటి రొట్టె నూనెలో చుయ్యిమంది. రెండో రొట్టె... మూడోది... ఏడోది కూడా వేసి జూరా రెండు చేతులూ ఆకాశానికెత్తింది.

"ఈ వాసన ఓర్మోన్‌కు చేరాలి," అంది గొంతెత్తి. "మంచు కింద చనిపోయిన ఓర్మోన్‌కు!"

బయలంతా కొయ్యబారిపోయింది. మా ఇళ్ళలో కోడలు బావగారి పేరు కలలో కూడా పలకదు. ఆ పేరు పలకడమే ఘోరం... బతికున్నవాడి పేరున చావురొట్టె వేయించడం అంతకు వెయ్యింతల ఘోరం! బాత్మా నెత్తి బాదుకుంది. కెనేష్ చెయ్యెత్తి భార్య మీదికొచ్చాడు.

"కొట్టు," అంది జూరా, కదలకుండా. "చంపినా సరే, మూకుడు మాత్రం దించను. మీ అమ్మ పెద్దకొడుకు పస్తున్నాడయ్యా."

కెనేష్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎందుకంటే... జీనుసంచీ కదిలింది!

ఫెళఫెళారావంతో పిడుగు పడింది. నూనెపొగ గాలికి చెదరకుండా సూటిగా వెళ్ళి గుర్రాన్ని చుట్టుకుంది. సంచీ మూతి తెంపుకుని తెల్లటి కపాలం గడ్డి మీద దొర్లింది. ఇప్పుడా గొంతులో నీరసం లేదు.

"అమ్మా... కడుపు నిండింది. వాడు నేను కాదమ్మా. నన్ను మంచులోంచి తవ్వి తీసినవాడు."

"ఆర్పు ఆ మంట!" అని మాంత్రికుడు భీకరంగా అరిచాడు. "నీ వంశం నిర్వంశమైపోతుంది... ఆర్పవే!"

జూరా పొయ్యిలోకి ఇంకో పిడక వేసింది.

సాతార్ ముందుకొచ్చాడు. "నీ తండ్రి పేరు చెప్పరా," అన్నాడు.

మాంత్రికుడు నోరు తెరిచాడు. శబ్దం రాలేదు! కడుపు నిండిన కపాలం ఇక వాడికి పేర్లు అరువివ్వలేదు. క్షుద్రవిద్య కోసం సొంత తండ్రుల పేర్లు ఏనాడో అమ్ముకున్నాడు. ఒక్క పేరూ లేని ఆ నోరు తెరుచుకునే ఉండిపోయింది. మొహం మైనంలా జారసాగింది. పొగలో ఏడు ఆకారాలు లేచాయి... పొడవాటి టోపీలు, నడుముకు కొరడాలు... ఓర్మోన్ ఏడుగురు తండ్రులు! వాళ్ళు వాణ్ణి జీను మీంచి లాగారు. ఒకే ఒక్క ఆర్తనాదం కొండల్లో మారుమోగి ఆగిపోయింది. గడ్డి మీద ఖాళీ కోటు, గుప్పెడు బూడిద మిగిలాయి. గుర్రం ఒళ్ళు దులుపుకుని మేతకు పోయింది.

కెనేష్ కూతుర్ని గుండెకు హత్తుకుని భార్య ముందు తలెత్తలేకపోయాడు. జూరా అతని వైపు చూడలేదు. తర్వాత చూస్తుందో లేదో కూడా నేను చెప్పలేను.

బాత్మా పాక్కుంటూ వెళ్ళి కపాలాన్ని ఒళ్ళోకి తీసుకుంది. దాని నుదుటి మీది గీతలను తలగుడ్డ అంచుతో తుడిచింది. "వసంతం నుంచి నా బిడ్డను పస్తు పెట్టానే," అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది. "రొట్టె చల్లారకముందే దువా చెయ్యాలి. నాకు గొంతు పెగలడం లేదమ్మా. నువ్వే చెప్పు వాడి పేరు."

జూరా వేడి రొట్టెను రెండుగా తుంచి, ఒక ముక్క అత్తగారి చేతిలో పెట్టింది.

"ఓర్మోన్," అంది, బయలంతటికీ వినపడేలా.