బేకార్ అడ్డా శ్రద్ధాంజలి

అమీర్‌పేటలో మనిషికి తీరిక దొరికిందంటే ఎక్కడో ఏదో తేడా జరిగినట్టే. 2009 ఆగస్టులో ఓ మధ్యాహ్నం ఫహాద్‌కి తీరిక దొరికింది. మాంద్యం దెబ్బకి మూడు గంటల బ్యాచ్‌కి ఒక్కడూ రాలేదు. మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తు ల్యాబులో, ముప్పై కంప్యూటర్ల మధ్య ఒంటరిగా కూర్చుని చల్లారిన చాయ్ తాగుతున్నాడు. పొద్దున ఆరున్నర నుంచి నెట్‌వర్కింగ్ పాఠం చెప్పి చెప్పి తల ప్రాణం తోకకొచ్చింది.

మూలన ఓ పాత కంప్యూటర్ గురగురమంటోంది. అదే బేకార్ అడ్డా.

దాని చరిత్ర ఏమంత గొప్పది కాదులెండి. మూడేళ్ళ కింద తొమ్మిది మంది నిరుద్యోగులు కబుర్లాడుకోడానికి ఫహాద్ ఆ డబ్బా మీద చాట్ సర్వర్ పెట్టాడు. మీమ్ అన్న మాట అప్పటికి అమీర్‌పేట దాకా రాలేదు. వాళ్ళు బొమ్మలనేవాళ్ళు. పైన సినిమా కమెడియన్ మొహం, కింద ఇంటర్వ్యూలో పడ్డ అక్షింతలు. అది ల్యాబు దాటింది, హాస్టళ్ళు దాటింది, చూస్తుండగానే రెండు వేల మందయ్యారు. ఉద్యోగాలొచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఊడినవాళ్ళు తిరిగొచ్చారు. మూసేసి హాయిగా నిద్రపోదామని ఫహాద్ రోజూ అనుకుంటాడు. మూయడు.

అడ్డాకి ఓ ఆచారం ఉంది. పంజాగుట్ట చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీలు చూసి పుట్టిన ఆచారం. ఎవడైనా నెల రోజులు కనబడకపోతే వాడి ఫోటోకి దండ వేసి, ‘కన్నీటి శ్రద్ధాంజలి’ అని రాసి గోడకి తగిలించినట్టు అందరికీ కనబడేలా పైన పెట్టేవాళ్ళు. ఉద్యోగమొచ్చి మనల్ని మరిచాడు, మన దృష్టిలో వాడు పోయినట్టే అని! జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. వాడు తిరిగొచ్చి ‘హాజర్’ అని కొట్టగానే ఫహాద్ ఆ బొమ్మ తీసేసి, ఎర్రగా ‘లేచిండు’ అని ముద్ర వేసేవాడు. ఒక్కసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నావురా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇలాంటి పరాచికాలు పనికిరావురా అని గడ్డి పెట్టే పెద్దవాళ్ళు అక్కడ లేకపోయారు మరి.

మూడున్నరకి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. బ్యాటరీ మీద అడ్డా తెర ఒక్కటే వెలుగుతోంది. గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి.

“ఫహాద్ అంటే మీరేనా బాబూ?”

“నేనే ఆంటీ. లోపలికి రాండి, కూసోండి.”

“నా పేరు రత్నమాల. శ్రీనగర్ కాలనీ నుంచి వస్తున్నాను. దుర్గేష్ వాళ్ళమ్మని.”

“అరే, మన దుర్గేష్!” ఫహాద్ ప్రాణం లేచొచ్చింది. అంత మస్తు బొమ్మలు చేసేవాడు అడ్డాలో మరొకడు లేడు. “ఎట్లున్నడు ఆంటీ? మొన్ననే వచ్చిండు గదా.”

ఆవిడ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

“వాడు జూన్‌లో పోయాడు బాబూ. పంజాగుట్టలో... వానకి బండి జారి.”

ఫహాద్ అడ్డా తెర వైపు తిరిగాడు. జూలైలో దుర్గేష్ ఫోటోకి దండ వేసింది తనే. పదకొండు రోజుల కింద దుర్గేష్ పేరుతో ‘హాజర్’ అని వచ్చింది. బ్యాచ్‌కి టైమైపోతోందని, ఎవరా అని కూడా చూడకుండా, ‘లేచిండు’ అని కొట్టేసి క్లాసుకి పరిగెత్తాడు. పాడు అలవాటు!

“పదకొండు రోజులైంది,” అందావిడ. “వాడి కంప్యూటర్‌లో, మీ అడ్డాలో ‘నాన్నా’ అని వచ్చింది. మావారు అచ్యుతరావుగారు ఆ గదిలోంచి ఇవతలికి రావట్లేదు. ఆఫీసు మానేశారు. అన్నం ముట్టట్లేదు. తన పేరుతో అందులో చేరి రాత్రీ పగలూ వాడితో మాటలే. నిన్నటి నుంచి వాడు తన దగ్గరికి రమ్మంటున్నాడట... ఈయన వస్తానంటున్నారు. కొడుకెలాగూ పోయాడు. ఈయన్నైనా నాకు మిగల్చండి బాబూ. ఆపండి.”

“ఎవడో మజాక్ చేస్తుండు ఆంటీ. ఫికర్ చెయ్యకండి, వాని సంగతి నేను చూస్త.”

అని కుర్చీ కంప్యూటర్ ముందుకి లాక్కున్నాడు. అడ్డాలో ప్రతి పేరు పక్కనా అది ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో ఓ నంబరు ఉంటుంది. అచ్యుతరావు పేరు పక్కన ఉంది. దుర్గేష్ పేరు పక్కన లేదు. పేరు మాత్రం పచ్చగా వెలుగుతోంది.

ఆ పేరుని బయటికి గెంటాడు. మళ్ళీ వచ్చింది.

మళ్ళీ గెంటాడు. మళ్ళీ...

లేచి ఇంటర్నెట్ వైరు పీకేశాడు. అచ్యుతరావు పేరు ఆరిపోయింది. మిగతా పేర్లన్నీ ఆరిపోయాయి. దుర్గేష్ ఒక్కడే మిగిలాడు.

ఎక్కడి నుంచో వాసన. తడిసిన హెల్మెట్ లోపలి స్పాంజి వాసన...

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

‘అన్నా, వైరెందుకు పీకావు?’

యా అల్లా! ఫహాద్‌కి పారిపోదామనే అనిపించింది. కానీ వెనక ఆ తల్లి నిలబడి ఉంది. లేపింది తనే. పడుకోబెట్టాల్సింది కూడా తనే.

“ఆంటీ,” అన్నాడు. “శ్రద్ధాంజలి మళ్ళ పెట్టాలె. అదొక్కటే తోస్తుంది నాకు.”

పాత బొమ్మ తెరిచాడు. దండలో దుర్గేష్ నవ్వుతున్నాడు. కింద నూట ఎనభై మంది నవ్వులు. సిగ్గుతో ఫహాద్ తల దించుకున్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“ఆ నవ్వులన్నీ తీసెయ్యి బాబూ. పేరు ముందు చిరంజీవి అని ఉంది, అది కొట్టేసి...” ఆగింది. “కీర్తిశేషుడు అని రాయి. జూన్ పంతొమ్మిది. శుక్రవారం.”

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు. మీట నొక్కాడు.

‘అమ్మా...’

రత్నమాల చెంగు నోట్లో కుక్కుకుంది.

‘నువ్వే రాయించావా?’

పచ్చ దీపం ఆరింది. మూడేళ్ళుగా ఆగని ఆ ఫ్యాను ఆగింది. ల్యాబంతా నిశ్శబ్దం. ఫహాద్ కళ్ళు తుడుచుకున్నాడు.

“అయిపోయింది ఆంటీ. అంకుల్‌కి ఫోన్ కొట్టండి.”

తన సెల్లు ఇచ్చి, తనకీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. ఒక్క రింగుకే ఎత్తారు. అలసిన మనిషి గొంతులా లేదది.

“రత్నా! ఇంక కంప్యూటర్‌తో పనిలేదే. వాడు బయటికొచ్చేశాడు.”

“ఎవరండీ... ఎవరొచ్చారు?”

“నువ్వు వాణ్ణి ఇంట్లో ఉండనివ్వవట కదా. పోనీలే. నేను దిగబెట్టి వస్తాను. వానలో వాడొక్కడే ఎలా వెళ్తాడే, పిచ్చిదానా?”

“వద్దండీ! ఎక్కడికీ వెళ్ళకండి! ఏవండీ... మీకు దణ్ణం పెడతాను!”

ఫోను పక్కన పడేసినట్టున్నారు. కుర్చీ జరిగింది. తలుపు కిర్రుమంది. మెట్ల మీద అడుగులు.

చెప్పుల అడుగులు, టప్... టప్... వాటి పక్కనే వట్టి కాళ్ళవి. తడి కాళ్ళవి.

“ఆటోలో పోదాం పాండి ఆంటీ, పది నిమిషాల్ల...” అంటూ ఫహాద్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. గుప్పిట బిగిసి ఉంది. మెల్లగా విప్పింది. అరచేతిలో తాళంచెవి.

“ఆయన ఎక్కడికైనా వెళ్ళిపోతారేమోనని,” గుసగుసగా అంది రత్నమాల, “మేడ మీది మా ఇంటికి బయట తాళం పెట్టి వచ్చాను బాబూ.”

ఫోనులో అడుగులు ఇంకా దిగుతూనే ఉన్నాయి.