చప్టా లేని పటం

పొద్దున ఆరుంబావుకి అంకమరావు తూము చక్రాన్ని రెండు చుట్లు తిప్పి వదిలేశాడు. మూడడుగుల దూరంలో నిలబడిన ఎస్తేరు తన పలక మీద 'నాలుగు' నొక్కింది.

"మళ్లీ నాలుగేనా? తిప్పే పని లేనోళ్లకి ఎన్ని చుట్లయినా తేలికే," అన్నాడు అంకమరావు, చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"నువ్వే నాలుగు తిప్పు బాబాయ్. నేను ఇంటికాడ పడుకుంటా."

చక్రం ముట్టుకునే హక్కు అతనిదే. అతను కాలవకి నీళ్లు వదిలే ప్రభుత్వ లస్కరు. ఆమె ప్రతిపక్షం పెట్టిన నీడ లస్కరు. ఓడిన పార్టీ ప్రతి ఉద్యోగం పక్కనా ఒక నీడను నిలబెట్టాలన్న చట్టం వచ్చాక ఇది రెండో ఎన్నిక. అసలువాళ్లు చేసేది చేస్తారు. తామైతే ఏం చేసేవాళ్లో నీడలు అదే క్షణంలో పలక మీద నొక్కుతారు. తర్వాత మార్చడానికి లేదు. ఊహాయంత్రం రెండింటినీ లెక్కగట్టి ప్రతి ఊరి కూడలిలో జోడుతెర మీద చూపిస్తుంది. ఎడమవైపు 'జరిగింది', కుడివైపు 'జరిగేది'. అడుగున వెయ్యికి ఇంత అని రెండు పార్టీల నమ్మిక అంకెలు.

ఆరువందలు దాటిన పార్టీ గుర్తు మాత్రమే ఆ నియోజకవర్గంలో ఓటు యంత్రం మీద వెలుగుతుంది. ఈ సాయంత్రం ఐదింటికి అంకెలకు ముద్ర పడుతుంది. తొమ్మిది రోజుల్లో పోలింగు.

పలక మూలన తన పార్టీ అంకె కదిలింది. 603. 604.

ఎస్తేరు పలకని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. నాలుగున్నరేళ్ల కిందట ఆ అంకె నూట పద్దెనిమిది. వానలో గొడుగు కింద, ఎండలో తలగుడ్డ కింద, జ్వరమొచ్చిన రోజున అమ్మ భుజం పట్టుకుని, ఒక్క పొద్దు కూడా మానకుండా ఈ గట్టు మీద నిలబడింది.

వెంటనే ఫోను మోగింది. పార్టీ మండలం బాధ్యుడు మాలకొండయ్య.

"ఎస్తేరమ్మా, చూశావా? దాటేశాం! ఇంక ఎవడూ ఆపలేడు. నువ్వు కొండ్రుపాడు పోయి తెర కాడ కూర్చో. చివరి ఆయకట్టోళ్లకి మనవైపు పచ్చగా ఉందని ఒకటికి రెండుసార్లు చూపించు. కాస్త నవ్వుతా ఉండు తల్లీ, నువ్వసలే మాట్లాడవు."

కొండ్రుపాడు కాలవకి ఆఖరి ఊరు, పద్నాలుగో కిలోమీటరు. మధ్యాహ్నానికి ఎస్తేరు చేరేసరికి తెర ముందు పదిమంది దాకా ఉన్నారు. ఎడమవైపు ఊరి పొలాలు సగం పచ్చగా ఉన్నాయి. కుడివైపు మొత్తం పచ్చ. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దావిడ తెరకేసి చూసి ఆగింది. పేరు నాసరమ్మ. కాలవ చివర రెండెకరాలుంది.

"ఏందమ్మాయ్, నీ తెరలో నా చేను కోతకొచ్చిందే! కొడవలి తెచ్చుకోనా?"

అందరూ గొల్లున నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది.

"మేమొస్తే నిజంగానే కోతకొస్తది పెద్దమ్మా. నాలుగు చుట్లు వదిలితే నీళ్లు మీ దాకా..."

"ఆ ఎడమేపోళ్లు సగం తడిసిందంటారు. నువ్వు మొత్తం తడుపుతానంటావు. నా చేను మాత్రం నెర్రెలిచ్చింది. ఈ కాలవెంట ఎప్పుడన్నా నడిచావా?"

"రోజూ తూము కాడ ఉంటా గదా."

"తూము కాడ అందరూ ఉంటారు. నడువు నాతో."

గడ్డిమోపు కూడలిలో దించాక ఇద్దరూ ఎండిన కాలవలో దిగి ఎగువకి నడిచారు. అడుగున మట్టి పెంకులుగా లేచి కాళ్ల కింద పటపటమంది. మూడు కిలోమీటర్లు నడిచాక చల్లగాలి తగిలింది. ముందు నీళ్లున్నాయి, మోకాలి లోతు, కదలకుండా. పక్కన గట్టు తెగిన చోటునుంచి మురుగు కాలవలోకి సన్నగా జారిపోతున్నాయి.

"ఇక్కడిదాకా వచ్చినాయే! మరి ఆగినాయెందుకు?" అంది ఎస్తేరు, ఎత్తుగా ఉన్న చోట నిలబడి అటూ ఇటూ చూస్తూ.

"నువ్వు దేని మీద నిలబడ్డావో చూసుకో."

ఎస్తేరు కిందికి చూసింది. చప్టా. తూర్పుపాలెం చప్టా. ఆమె సొంతూరిది. పదేళ్లు దీని మీదుగానే బడికి వెళ్లింది, చెప్పులు చేత్తో పట్టుకుని. కోతమిషన్లు అవతలి చేలకు దాటడానికి ఊరంతా కలిసి కాలవకి అడ్డంగా పోసుకున్నారు. కంకర మోసినవాళ్లలో వాళ్ల నాన్న కూడా ఉన్నాడు. అది ఆమెకి దారి. కాలవలో ఉన్న వస్తువని ఒక్కసారి కూడా తోచలేదు.

పలక తీసి పటం చూసింది. తవ్విన రోజున ఎలా ఉందో అలాగే, ఏ అడ్డూ లేకుండా నీలిగీత. ఊహాయంత్రానికి తెలిసిన కాలవ అదే. వంగి కొలత తీసింది. కాలవ అడుగునుంచి రెండడుగుల ఎత్తు. నాలుగు చుట్లు కాదు, పది వదిలినా మురుగు కాలవే నిండుతుంది.

పటాన్ని సవరించే హక్కు నీడలకుంది. సవరిస్తే మొదటి రోజునుంచి అంతా మళ్లీ లెక్కలోకి వస్తుంది, అంకె పడిపోవచ్చు. అందుకే ఎవరూ ఆ మీట జోలికి పోలేదు. ఆమె మాలకొండయ్యకి ఫోను చేసి సంగతి చెప్పింది.

"ఇవాళా?" ఆయన అరిచాడు. "నీకేమన్నా మతి పోయిందా? నాలుగంకెలమ్మా, నాలుగే నాలుగంకెలు ఎక్కువున్నాం! ఐదు దాటినాక పెట్టుకో. గెలిచాక మనమే పగలగొడదాం."

"గెలిచాక పగలగొడతామంటే మా ఊరోళ్లు పగలగొట్టనిస్తారా అన్నా? మాకు చెప్పి ఓటడిగారా అంటారు. కొండ్రుపాడోళ్లేమో మాకు పచ్చగా చూపించి ఓటేయించుకున్నారంటారు. ఇద్దరికీ మొహం యాడ పెట్టుకుంటాం?"

"గుర్తే వెలగకపోతే ఇంక మొహమెందుకే?"

గట్టు మీద నాసరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ చూస్తోంది. ఎస్తేరు ఫోను పెట్టేసింది. రెండడుగులు అని రాసి, చప్టా పోసినవారు అన్న చోట 'మా తూర్పుపాలెం' అని రాసి, సవరణ మీట నొక్కింది. నాలుగూ పదయింది.

కొండ్రుపాడు తిరిగొచ్చేసరికి ముద్ర చూడటానికొచ్చిన జనంతో కూడలి నిండిపోయింది. అంకమరావు బండి మీద ముందే వచ్చి నిలబడ్డాడు. తెర కుడివైపున పచ్చదనం చేను చేనుగా ఆరిపోతోంది. 604. 590. 572. 561 దగ్గర ఆగింది.

"పోయిందిరా వీళ్ల గుర్తు!" అని ఎవరో ఈల వేశారు.

ఈల పూర్తికాకముందే ఎడమవైపు కదిలింది. లెక్కకి పటం ఒక్కటే గదా. 'జరిగింది' అని చూపిన సగం పచ్చ కూడా మట్టిరంగులోకి దిగింది. జరగనిది జరిగిందన్నందుకు ఇంకా పెద్ద కోత. అధికార పార్టీ అంకె 622 నుంచి ఒక్క దూకున 548.

"నీకు తెలుసు గదా బాబాయ్?" అంది ఎస్తేరు.

అంకమరావు తల గోక్కున్నాడు. "తెలవక? నీళ్లు చేరినాయని పటం అంటది. నేను చేరలేదని రాస్తే నాదే తప్పంటది. నన్ను అడిగినోడెవడు?" అని, బండి తాళం తీసి, "ఎనిమిదో కిలోమీటరు కాడ దీనికంటే పొట్టి చప్టా ఇంకోటుంది. పద, అదీ చూపిస్తా," అన్నాడు.

ఫోను మోగింది. మాలకొండయ్య తిడతాడనుకుంది. ఆయనకి ఊపిరి అందడం లేదు.

"ఎస్తేరమ్మా, మండలం తెర కాడ జాతరమ్మా ఇది! రేషన్ కాడ మన నీడ కుర్రోడు కూడా సవరణ పెట్టేశాడు. ఆస్పత్రి నీడ పెడతానంటా ఉంది. జనం అసలోళ్ల చొక్కాలు పట్టుకుని మీరు దాచిందేదయ్యా అంటున్నారు. నేనేం చేసేది?"

"చూసింది చెప్పమను అన్నా. అందర్నీ."

ఐదయింది. ముద్ర పడాల్సిన చోట ఏమీ పడలేదు. ఆరువందలు దాటిన పార్టీ ఒక్కటీ లేని నియోజకవర్గం గురించి ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. జోడుతెర రెండువైపులా తెల్లబడింది. కూడలిలో నవ్వులు, కేకలు, ఒకరి మీద ఒకరు తోసుకోవడం. అప్పుడు తెర మీద ఒక వాక్యం వచ్చింది, యంత్రం గొంతు దాన్ని చదివింది:

"చివరి భూములకు నీళ్లు చేరాయా? కళ్లతో చూసినవారు చెప్పండి."

నాసరమ్మ జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ ముందుకొచ్చింది. ఎస్తేరు చెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుని, తెరకేసి తలెత్తింది.

"రాసుకో మరి. మెల్లిగా చెప్తా. యాడన్నా తప్పితే ఈ పిల్ల దిద్దుద్ది."