ఎత్తు మీద రెండు రైళ్ళు

“మీ కంప్యూటర్లో పడిపోయిన వోల్టేజీ మా మీటర్లో ఎప్పుడూ పడలేదండీ,” అన్నాడు సబ్‌స్టేషన్ ఇంజనీరు.

మీటింగులో అందరూ నవ్వారు. రైళ్ళకిచ్చే కరెంటు సరఫరాను కంప్యూటర్లో మోడల్ చేసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. కొత్త టైంటేబుల్ ప్రకారం కొండదారిలోని ఎత్తు మీదికి రెండు రైళ్ళు ఒకేసారి ఎక్కితే, పట్టాల పైనుండే కరెంటు తీగలో వోల్టేజీ చాలక రెండూ ఆగిపోతాయని ఆమె మోడల్ చెబుతోంది.

“ఎక్కించి చూద్దాం. మీటరు మీరే చూడండి,” అంది.

మర్నాడు జోరువానలో, పట్టాల పక్కనున్న రేకుల గదిలో ఇద్దరూ మీటరు ముందు కూర్చున్నారు. రెండు సరుకు రైళ్ళు మూలుగుతూ ఎత్తెక్కాయి. ముల్లు దిగింది. కానీ ఆమె చెప్పినంత కాదు. రైళ్ళు ఆగలేదు.

ఆమె ముఖం చిన్నబోయింది. ఆరునెలల పని మరి.

“మీరే గెలిచారు. నవ్వుకోండి,” అంది కిటికీ వైపు తిరిగి.

అతనికి నవ్వు రాలేదు. “ముల్లు దిగిన మాట నిజమే కదండీ. అసలు మా లైను గురించి కంప్యూటర్‌కి ఏం చెప్పారో చూపించండి.”

ఒక్కో తీగా, ఒక్కో స్విచ్చీ చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. ఎత్తుకు సగం దారిలో రెండు లైన్ల కరెంటునూ కలిపి వోల్టేజీ మరీ పడిపోకుండా ఆపే స్విచ్చి గది అందులో లేదు.

“అది రెండేళ్ళ కింద నేనే పెట్టించాను,” అన్నాడు గొంతు తగ్గించి. “కొత్త డ్రాయింగు పంపాల్సిందీ నేనే. పంపలేదు.”

దాన్ని చేర్చి ఆమె మోడల్‌ను మళ్ళీ నడిపింది. మీటరు చూపిన అంకే వచ్చింది. ఆ గదిని రిపేరు కోసం ఆపినట్టు చూపిస్తే మాత్రం మోడల్లో రైళ్ళు ఆగిపోతున్నాయి.

శుక్రవారం చీఫ్ ఇంజనీరు ముందు అతనే లేచాడు.

“ఆవిడ లెక్క తప్పలేదు సార్. పాత డ్రాయింగు ఉంచేసింది నేను. ఆ గది ఆపిన రోజున ఎత్తు మీదికి ఒక్కో రైలే వెళ్ళాలి.”

చీఫ్ అందరిముందూ చివాట్లు పెట్టి మెమో ఇస్తానన్నాడు. ఆ నియమాన్ని మాత్రం టైంటేబుల్లో చేర్పించాడు.

మెట్ల దగ్గర ఆమె అతన్ని ఆపింది. “చీఫ్‌కి చెప్పకపోయినా సరిపోయేది. నేనెవరికీ చెప్పేదాన్ని కాదు.”

“తెలుసు. అందుకే చెప్పాను.” కాస్త తటపటాయించాడు. “మా అమ్మని మీ ఇంటికి పంపితే... మీవాళ్ళేమంటారు?”

ఆమె నవ్వు ఆపుకుంది. “నన్నడక్కుండా మావాళ్ళనా? ముందు మీరు నాతో మాట్లాడండి. అత్తయ్యగారి సంగతి తరవాత.”

ఆ ‘అత్తయ్యగారు’ అనే మాట ఎలా జారిందో ఆమెకే తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

బస్టాపులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆమె బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాతదీ అంతే. మూడోదాంట్లో ఇద్దరూ ఎక్కారు, అది అతని ఇంటి దారి కాకపోయినా.